ఎన్ని అంకెలు నమ్మవచ్చు?



ఈ ఉపన్యాసం ఎవరి పేరిట ఏర్పాటైందో ఆ మాస్టారు మాకు సంఖ్యాత్మక విశ్లేషణ చెప్పారు. లాగరిథమ్ పట్టికలతో మొదలుపెట్టి కంప్యూటర్ల దాకా వచ్చిన తరం వారిది. జవాబు ఒక్కటీ రాసి ఊరుకుంటే సగం మార్కులే పడేవి. అందులో ఎన్ని అంకెలు నమ్మవచ్చో, ఎందుకు నమ్మవచ్చో పక్కన రాస్తేనే మిగతా సగం. నేనివాళ మాట్లాడబోయేది ఆ మిగతా సగం గురించి. గణితం కోసం మనం వాడే సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లిన దశాంశ సంఖ్యకు లోపల ఏమవుతుందో, తిరిగి తెర మీదికి వచ్చిన అంకెల్లో ఎన్నింటిని మనం నమ్మవచ్చో చెప్పుకుందాం.

పైథాన్‌లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 అని వస్తుంది. ఇది చూసిన ప్రతి విద్యార్థీ మొదట కూడికనే అనుమానిస్తాడు. నిజానికి ఆ రెండు సంఖ్యలూ లోపలికి వెళ్లేటప్పుడే మారిపోయాయి. కూడినప్పుడు మరోసారి సవరణ (రౌండింగ్) జరిగింది. మనం 0.1 అని టైపు చేస్తే యంత్రం దాచుకొన్న సంఖ్య ఇది: 0.1000000000000000055511151231257827021181583404541015625. మామూలుగా తెర దీన్ని 0.1 అనే చూపిస్తుంది కాబట్టి మనకు తెలియదు.

ఎందుకిలా అవుతుందో పదో తరగతి పిల్లలకూ తెలుసు, తెలిసిందని వాళ్లకు తెలియదంతే. వాస్తవ సంఖ్యల అధ్యాయంలో ఒక సిద్ధాంతం ఉంది: కనిష్ఠ రూపంలో ఉన్న భిన్నపు హారంలో 2, 5 తప్ప వేరే ప్రధాన కారణాంకం లేకపోతేనే అది అంతమయ్యే దశాంశం అవుతుంది. పదికి కారణాంకాలు 2, 5 కాబట్టి ఆ నియమం. కంప్యూటరు లెక్క రెండు ఆధారంగా సాగుతుంది. అక్కడ హారంలో 2 ఒక్కటే ఉండాలి. పదో వంతు హారంలో 5 ఉంది కనుక అది అక్కడ అంతంకాని ఆవర్తనంగా మారుతుంది, మనకు మూడో వంతు ఎలాగో అలాగ. ఎక్కడో ఒకచోట తెంచాలి. ఇవాళ దాదాపు అన్ని యంత్రాలూ పాటించే ఐఈఈఈ 754 ప్రమాణంలో 64 బిట్ల సంఖ్యను 53 బిట్లకు సవరిస్తారు. దశాంశాల్లో చెప్పాలంటే సుమారు 16 సార్థక అంకెలు. 1985లో వచ్చిన ఈ ప్రమాణం వెనుక ప్రధానంగా పనిచేసిన విలియం కాహన్‌కు 1989లో ట్యూరింగ్ పురస్కారం ఇచ్చారు. అంతకు ముందు ఒక్కో కంపెనీ యంత్రం ఒక్కో తీరున సవరించేది. ఒకే ప్రోగ్రాముకు రెండు చోట్ల రెండు జవాబులు. ఆ గందరగోళాన్ని తీర్చిన పని చిన్నది కాదు.

మన డబ్బుకే ఇది వర్తింపజేసి చూడండి. రూపాయిలో 0 నుంచి 99 వరకు నూరు పైసల మొత్తాలున్నాయి. వాటిలో ద్విసంఖ్యామానంలో తేడా లేకుండా ఇమిడేవి నాలుగే: 0, 25, 50, 75. మిగిలిన తొంభై ఆరూ ఉజ్జాయింపులే. 1957 ఏప్రిల్ 1కి ముందున్న రూపాయి అయితే ఇబ్బందే ఉండేది కాదు. అణా పదహారో వంతు, బేడ ఎనిమిదో వంతు, పావలా నాలుగో వంతు, కాని అరవై నాలుగో వంతు. హారాలన్నీ 2 ఘాతాలే, అన్నీ యంత్రంలో చెక్కుచెదరకుండా కూర్చుంటాయి (పై ఒక్కటి కూర్చోదు; అది 192వ వంతు, హారంలో 3 ఉంది). పాత తెలుగు లెక్కల్లో పూర్ణాంకాలు పదులతో నడిచినా భిన్నాలు నాలుగు ఆధారంగా నడిచేవి. ఆ భిన్నాంకెల గుర్తులు ఏడింటిని 2008లో యూనికోడ్ ప్రమాణంలో చేర్చారు కూడా. ఇది చెప్పడం పాతదే మేలని అనడానికి కాదు. ఒక సంఖ్య కచ్చితంగా ఇముడుతుందా లేదా అన్నది సంఖ్యలో లేదు, మనం ఎంచుకొన్న ఆధారంలో ఉంది. మూడో వంతుకు పదీ పనికిరాదు, రెండూ పనికిరాదు.

ఇక గణిత సాఫ్ట్‌వేర్ సంగతి. మేపుల్, మ్యాథమెటికా, సేజ్ వంటివి మామూలు ప్రోగ్రామింగ్ భాషల కన్నా ఒక మెట్టు పైనుంటాయి. యాభై అంకెలు అడిగితే యాభై, అయిదువందలు అడిగితే అయిదువందలు ఇస్తాయి. యాభై అడిగాం కాబట్టి యాభై అంకెలూ నిజమని నమ్మడం అక్కడే మొదలవుతుంది. కాబట్టి పరీక్షగా వీటికీ, ఇలాంటి మరో రెండింటికీ అదే 0.1 ఇచ్చి యాభై అంకెలు అడుగుదాం.

పైథాన్‌లోని ఎంపీమ్యాథ్ లైబ్రరీకి 0.1ని సంఖ్యగా ఇస్తే, అప్పటికే చెడిన ఆ విలువను తీసుకొని పదిహేడో స్థానం తర్వాత 555111512 అంటూ వరుసగా చూపిస్తుంది. దాని తప్పేం లేదు. దానికి చేరేసరికే 0.1 పదో వంతు కాకుండా పోయింది. అదే 0.1ని కొటేషన్ గుర్తుల మధ్య, అక్షరాల వరుసగా ఇస్తే యాభై అంకెలకూ సరైన పదో వంతు వస్తుంది. మ్యాథమెటికాలో ఎన్ అనే ప్రమేయంతో యాభై అంకెలు అడిగితే ఇవ్వనే ఇవ్వదు, యంత్ర సూక్ష్మత ఉన్న సంఖ్యకు లేని అంకెలు పుట్టించనంటుంది. అక్కడ 1/10 అని భిన్నంగా రాస్తే అడిగినన్ని ఇస్తుంది. మ్యాట్‌ల్యాబ్‌లోని సింబాలిక్ విభాగం ఆ 0.1ని చూసి ఇది బహుశా 1/10 అయి ఉంటుందని ఊహించి భిన్నంగా మార్చేస్తుంది. సేజ్‌లో వాడుకరి టైపు చేసిన అంకెలనే గుర్తుపెట్టుకొనే ఏర్పాటుంది. తర్వాత ఎక్కువ సూక్ష్మత అడిగితే ఆ గుర్తున్న అంకెలనుంచి మళ్లీ లెక్కిస్తుంది. మేపుల్ తన సొంత దశాంశాలను పది ఆధారంగానే నడుపుతుంది కాబట్టి 0.1 అక్కడ అసలు చెడదు.

ఒకే మూడు గుర్తులు టైపు చేశాం. ఒకటి ఉన్నదున్నట్టు తీసుకొంది, ఒకటి నిరాకరించింది, ఒకటి ఊహించింది, ఒకటి గుర్తుపెట్టుకొంది, ఒకదానికి సమస్యే లేదు. వీటిలో నాకు మ్యాథమెటికా నిరాకరణ అన్నిటికన్నా నచ్చుతుంది. లేని సమాచారాన్ని లేదని చెప్పడం కన్నా మంచి పని సాఫ్ట్‌వేర్ చేయలేదు. మ్యాట్‌ల్యాబ్ ఊహ చాలాసార్లు సరైనదే, కాని ఆ 0.1 ప్రయోగశాలలో ఓల్ట్‌మీటర్ చూసి రాసుకొన్నదైతే అది పదో వంతు కానే కాదు, 0.05కూ 0.15కూ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. దాన్ని కచ్చితమైన భిన్నంగా మార్చే హక్కు సాఫ్ట్‌వేర్‌కు లేదు. టైపు చేసినవాడికొక్కడికే అసలు సంగతి తెలుసు, అది చెప్పవలసిందీ అతడే.

సూక్ష్మత చాలకపోతే గణిత సత్యం ఎలా తలకిందులవుతుందో చెప్పడానికి రామానుజన్ పేరు మీదున్న సంఖ్య కన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. 163 వర్గమూలాన్ని π (పై) విలువతో గుణించి, సహజ లాగరిథమ్‌ల ఆధారాన్ని అంత ఘాతానికి ఎత్తండి. జవాబు 262537412640768743.99999999999925 అని మొదలవుతుంది. దశాంశ బిందువు తర్వాత పన్నెండు తొమ్మిదులు. పూర్ణాంకమే అనిపిస్తుంది, కాదు. ఈ సంగతి 1859లోనే హెర్మైట్‌కు తెలుసు. రామానుజన్ 1914 వ్యాసంలో ఇలా పూర్ణాంకానికి అతి దగ్గరగా వచ్చే విలువలు ఉన్నాయి, 58 వర్గమూలంతో వచ్చేది వాటిలో ఒకటి; 163 మాత్రం అందులో లేదు. 1975 ఏప్రిల్‌లో మార్టిన్ గార్డ్‌నర్ సైంటిఫిక్ అమెరికన్‌లో ఏప్రిల్ ఫూల్ సరదాగా ఇది పూర్ణాంకమేనని, రామానుజన్ అలా ఊహించాడని రాశాడు. అలా ఆ పేరు అతుక్కుంది.

ఇప్పుడు దీన్ని 64 బిట్ల సంఖ్యతో లెక్కించి, పూర్ణాంకమా అని యంత్రాన్ని అడగండి. అవునంటుంది. ఎవరైనా, ఇంత పెద్ద సంఖ్య ఏది ఇచ్చినా అవుననే అంటుంది. ఎందుకంటే అంత పెద్ద సంఖ్యల దగ్గర ఆ పద్ధతిలో ఇమిడే విలువల మధ్య దూరం 32. అంటే 736తో ముగిసే విలువ ఉంది, తర్వాతది 768తో ముగుస్తుంది. మధ్యలో ఉన్న 744 కూడా అక్కడ లేదు. ఇక దశాంశ బిందువు తర్వాతి భాగం మాట ఎక్కడ? యంత్రానికి ఆ ప్రశ్నే అర్థం కాదు, అయినా జవాబు చెబుతుంది. నలభై అంకెలు అడిగితే ఆ పన్నెండు తొమ్మిదుల తర్వాత 25 కనిపించి సందేహం తీరుతుంది. ఎన్ని అంకెలు అడగాలో మాత్రం యంత్రం చెప్పదు. బిందువుకు ముందు 18, తర్వాత తొమ్మిదులు 12, వాటిని దాటి చూడాలంటే కనీసం మరొకటి: ఈ లెక్క మనం వేసుకోవలసిందే.

అయితే ఎక్కువ అంకెలు అడిగితే చాలదా? చాలదు. ఫ్రెంచ్ కంప్యూటర్ శాస్త్రవేత్త జాఁ మిషెల్ మల్లర్ పేరుతో, కాహన్ పేరుతో ప్రచారంలో ఉన్న ఒక అనుక్రమం ఉంది. విద్యార్థులు కాగితం తీసుకోండి. మొదటి పదం 4, రెండో పదం 4.25. మూడో పదం కోసం 1500ను ముందటి పదంతో భాగించి, వచ్చినదాన్ని 815 లోంచి తీసేసి, మిగిలినదాన్ని తాజా పదంతో భాగించి, దాన్ని 108 లోంచి తీసేయండి. 1500ను 4తో భాగిస్తే 375, 815 లోంచి తీస్తే 440, 4.25తో భాగిస్తే 103.529 చిల్లర, 108 లోంచి తీస్తే 4.4706. ఇలాగే సాగిపోవాలి. భిన్నాలతో చేస్తే పదాలు మెల్లగా పెరుగుతూ 5కు చేరువవుతాయి. అవధి 5, సందేహం లేదు.

మామూలు 64 బిట్ల దశాంశాలతో చేయండి. మొదటి పది పదాలు చక్కగా వస్తాయి, 4.98 దాకా వెళ్తాయి. తర్వాత ఏదో తేడా కనిపిస్తుంది, ఒక పదం ఋణాత్మకమవుతుంది, ఆ తర్వాతది నూటికి పైన ఉంటుంది, ఇరవయ్యో పదం దగ్గరకు వచ్చేసరికి 100 మీద స్థిరపడిపోతుంది. అక్కడినుంచి ఎంతదూరం వెళ్లినా 100. చూసినవాడికి అవధి 100 అనడంలో ఏ అనుమానమూ రాదు. అంత ప్రశాంతంగా కూర్చుంటుంది ఆ తప్పుడు జవాబు.

గమనించండి, 4, 4.25 రెండూ ద్విసంఖ్యామానంలో పూర్తిగా ఇమిడేవే. ద్వారం దగ్గర ఏమీ చెడలేదు. చెడింది 440ని 4.25తో భాగించినప్పుడు, పదహారో అంకె దగ్గర జరిగిన సవరణలో. దీని నిర్మాణం విప్పితే కారణం తేటగా కనిపిస్తుంది. ఈ సూత్రానికి సాధారణ సాధనలో 3 ఘాతాలు, 5 ఘాతాలు, 100 ఘాతాలు ఉన్నాయి. 4, 4.25తో మొదలుపెడితే 100 ఘాతాల గుణకం సున్నా అవుతుంది. సవరణ జరిగిన మరుక్షణం ఆ గుణకం సున్నా కాకుండా పోతుంది. ఎంత చిన్నదైనా సరే, ఒక్కో అడుగుకు అది 5 ఘాతాలకన్నా ఇరవై రెట్లు వేగంగా పెరుగుతుంది. ఇరవై రెట్లు అంటే అడుగుకు 1.3 అంకెల నష్టం. చేతిలో 16 అంకెలున్నాయి, పన్నెండు అడుగుల్లో ఖర్చయిపోతాయి. యాభై అంకెలతో మొదలుపెడితే నలభయ్యో పదం దగ్గరకు వచ్చేసరికి అవీ ఖర్చవుతాయి. మేపుల్‌లో పది ఆధారంతో చేసినా 100కే పోతుంది. సూక్ష్మత పెంచడం ఇక్కడ గడువు కొనడమే. మాస్టారు ఎందుకు నమ్మవచ్చో రాయమన్నది ఇందుకే. ఎన్ని అంకెలు అన్న ప్రశ్నకు జవాబు సాఫ్ట్‌వేర్ అమరికల్లో కాక, లెక్క లోపలి నిర్మాణంలో దొరుకుతుంది.

దీన్నంతా తరగతి గది వింతగా తీసుకోకండి. 1991 ఫిబ్రవరి 25న, గల్ఫ్ యుద్ధంలో, సౌదీ అరేబియాలోని ధహ్రాన్‌లో ఇరాక్ స్కడ్ క్షిపణి అమెరికా సైనికుల బారక్ మీద పడింది. 28 మంది చనిపోయారు. దాన్ని అడ్డుకోవలసిన పేట్రియాట్ వ్యవస్థ అసలు ఎదురు క్షిపణి వదల్లేదు. దాని గడియారం సెకనులో పదో వంతులను పూర్ణాంకంగా లెక్కపెట్టేది, అందులో పొరపాటు లేదు. ఆ లెక్కను సెకన్లలోకి మార్చడానికి 0.1తో గుణించాలి, ఆ 0.1ని 24 బిట్ల దగ్గర కత్తిరించారు. తేడా సుమారు 0.000000095. వంద గంటలు ఆపకుండా నడిచాక గడియారం 0.34 సెకన్లు తప్పింది. స్కడ్ సెకనుకు 1,676 మీటర్ల వేగంతో వస్తుంది. ఆ మూడో వంతు సెకనులో అర కిలోమీటరు పైగా దాటిపోతుంది. రాడార్ చూడవలసిన చోట చూడలేదు, అక్కడ ఏమీ లేదనుకొంది.

అందరూ ఇంతవరకు చెప్పి ఆపేస్తారు. నన్ను ఎక్కువ కలచివేసే భాగం తర్వాత ఉంది. అవసరమైంది రెండు సమయాల మధ్య తేడా మాత్రమే. రెండింటిలోనూ ఒకే తప్పు ఉండి ఉంటే తీసివేతలో దాదాపు పోయేది. అంతకు ముందు ఎవరో సమయం మార్చే పద్ధతిని మెరుగుపరిచారు, కాని ప్రోగ్రాములో అన్ని చోట్లా కాదు, కొన్ని చోట్ల. దాంతో ఒక సమయం మెరుగైన పద్ధతిలో, ఇంకొకటి పాత పద్ధతిలో లెక్క అయి, తప్పు పోకుండా నిలిచింది. ఎక్కువసేపు నడిస్తే గురి తప్పుతోందని ఇజ్రాయెల్ నుంచి ముందే సమాచారం అందింది, సరిదిద్దిన ప్రోగ్రామూ సిద్ధమైంది. అది ధహ్రాన్ చేరింది ఫిబ్రవరి 26న.

కత్తిరించడానికీ సవరించడానికీ ఉన్న తేడా వాంకూవర్ స్టాక్ ఎక్స్చేంజికి తెలిసింది. 1982 జనవరిలో 1000తో మొదలైన సూచీ విలువను ప్రతి లావాదేవీకీ తిరిగి లెక్కించి, మూడు దశాంశ స్థానాల తర్వాతిది కత్తిరించేవారు. ప్రతిసారీ నష్టం ఒకే దిక్కుకు. 1983 నవంబరుకు సూచీ 524.811కి దిగింది; సరిగ్గా లెక్కించాక 1098.892 అని తేలింది.

మన బల్లల మీద ఎక్కువగా కనిపించే ఎక్సెల్‌కూ 15 అంకెల హద్దు ఉంది. పదహారు అంకెల కార్డు నంబరును సంఖ్యగా టైపు చేస్తే చివరి అంకె సున్నా అయిపోతుంది. పన్నెండు అంకెల ఆధార్ నంబరుకు ఆ ప్రమాదం లేదు. కూడడానికో గుణించడానికో కాని నంబరును సంఖ్యగా కాక అక్షరాలుగా నమోదు చేయాలి, అంతే. పైసలతో చేసే లెక్కలకు దశాంశ పద్ధతి ఉన్న రకాన్ని వాడాలి. 2008లో సవరించిన ఐఈఈఈ ప్రమాణం 16 అంకెల, 34 అంకెల దశాంశ రూపాలను చేర్చింది.

ఈ మొత్తం వ్యవహారంలో నాకు ఆశ కలిగించేది వేరొకటి. ఒక సంఖ్యకు బదులు దాని కింది హద్దు, పై హద్దు రెండూ మోసుకుపోవడం. 1966లో రామన్ మూర్ దీని మీద పుస్తకం రాశాడు. కింది హద్దును ఎప్పుడూ కిందికి, పై హద్దును ఎప్పుడూ పైకి సవరిస్తే అసలు జవాబు ఆ రెండింటి మధ్యనుంచి జారిపోదు. 1985 ప్రమాణంలోనే ఈ దిక్కు సవరణలను చేర్చి పెట్టారు. నేడు ఆర్బ్ వంటి ఉచిత లైబ్రరీలు ఇదే పని వేల అంకెలకు చేస్తాయి. మల్లర్ అనుక్రమాన్ని ఆర్బ్‌కిచ్చి చూడండి. కొన్ని పదాలకే హద్దులు విడిపోవడం కనిపిస్తుంది, తర్వాత వాటి మధ్యలోకి సున్నా కూడా వచ్చి చేరుతుంది, భాగహారం అక్కడ ఆగిపోతుంది. 100 అనే అబద్ధం చెప్పదు.

ఇది కేవలం జాగ్రత్త కాదు, ఇది గణితాన్ని ముందుకు తీసుకెళ్లింది. 1961లో ఎడ్వర్డ్ లోరెంజ్ వాతావరణ లెక్కను మధ్యనుంచి మళ్లీ నడపడానికి ముద్రించిన కాగితం మీదున్న 0.506 టైపు చేశాడు. యంత్రం లోపల ఉన్నది 0.506127. ముద్రణలో మూడు అంకెలే వేశారు, మిగతా మూడూ పోయాయి. కొంతదూరం వెళ్లాక కొత్త వాతావరణానికీ పాతదానికీ పోలికే లేదు. ఆ అనుభవం నుంచి వచ్చిన సమీకరణాలు 1963లో అచ్చయ్యాయి. వాటి సాధనల చిత్రాన్ని అందరూ కంప్యూటర్ తెర మీద చూశారు. కాని అది సమీకరణాల స్వభావమా, సవరణల సృష్టా అన్నది దశాబ్దాలపాటు ఎవరూ నిరూపించలేదు. అంకెలు కొద్దిగా చెదిరితే దారి మొత్తం మారిపోయే సమీకరణాల గురించి, అంకెలను చెదరగొట్టే యంత్రం చూపించిన బొమ్మను నమ్మడమెలా? గణితవేత్త స్మేల్ 1998లో ఇరవై ఒకటో శతాబ్దానికి వదిలిన సమస్యల్లో ఇది పద్నాలుగోది. వార్విక్ టక్కర్ దాన్ని కంప్యూటరుతోనే నిరూపించాడు, ప్రతి సవరణకూ హద్దులు కట్టి. పూర్తి నిరూపణ 2002లో అచ్చయింది. అవే 64 బిట్ల దశాంశాలు, అవే 53 బిట్లు. కాని ప్రతి అంకెకూ హామీ ఉంది.

మన ఇంజినీరింగ్ కాలేజీల్లో, డిగ్రీ కాలేజీల్లో ఈ సాఫ్ట్‌వేర్ ల్యాబులున్నాయి. రికార్డు పుస్తకాల్లో తెర మీది పదిహేను అంకెలనూ పిల్లలు ఎత్తిరాస్తారు, ఇన్‌పుట్ రెండు అంకెలకే తెలిసినా. అధ్యాపకులను నేను కోరేది చిన్న మార్పు. మల్లర్ అనుక్రమానికి ఒక పీరియడ్ ఇవ్వండి. పైథాన్‌లో మామూలు దశాంశాలతో ఒకసారి, ఎంపీమ్యాథ్‌లో యాభై అంకెలతో ఒకసారి, భిన్నాలతో ఒకసారి చేయించండి. ఇవన్నీ ఉచితంగా దొరికేవే. రికార్డు పుస్తకంలో ఫలితం పక్కన ఇంకో గడి గీయించి, అందులో ఎన్ని అంకెలు నమ్మవచ్చో, ఎందుకో రాయించి, దానికి సగం మార్కులు కేటాయించండి.